మా మావ అప్పగించిన రెండో తుపాకీ

తుపాకులు అప్పగించేవాళ్ళ జాబితాలో మొదటి పేరు మా మావది. రాసింది నేను.

అప్పటికి గ్రామ సచివాలయంలో నాకు ఉద్యోగం వచ్చి ఏడాదిన్నర అయింది. అరకు లోయకు ఎగువన, బస్సు దిగాక ఇంకో రెండు కొండలు ఎక్కి దిగితే వచ్చే ఊరు మాది. ఊళ్ళో డిగ్రీ దాకా చదివింది నేనొక్కణ్ణే కాబట్టి, మండలం నుంచి ఏ కాగితం వచ్చినా చదివి వినిపించే పని నాదే. అసెంబ్లీ ఎన్నికలు దగ్గరపడుతున్న రోజులవి. నాటు తుపాకులు ఉన్నవాళ్ళు స్వచ్ఛందంగా అప్పగించాలనీ, గడువులోగా ఇచ్చినవాళ్ళ మీద కేసు ఉండదనీ, దాచుకున్నవాళ్ళ మీద ఆయుధాల చట్టం ప్రకారం చర్య తప్పదనీ ఒక కాగితం వచ్చింది. దానితోపాటు నోటిమాటగా ఇంకోటి కూడా వచ్చింది. ఊరికి ఇన్ని అని పైన ఒక లెక్క వేసుకున్నారట. అది తగ్గకూడదట.

మావ మా అమ్మకు తమ్ముడు. నాకు ఊహ తెలియకముందే నాన్న పోతే, నన్ను భుజాన వేసుకుని ఆశ్రమ పాఠశాల దాకా నడిచి దిగబెట్టి వచ్చినవాడు. ఆయన దగ్గర వాళ్ళ నాన్ననాటి తుపాకీ ఒకటి ఉండేది. గొట్టం మూతిలోంచి మందు కూరి, గుడ్డపీలిక దట్టించి పేల్చాలి. ఒకసారి పేల్చి రెండోసారికి సిద్ధం చేసేసరికి పంది పక్క కొండకు చేరిపోయేది. ఆయన గురిపెట్టి కొట్టింది తక్కువ. అడవి అంచున చోళ్ళు, సామలు వేసిన చేను ఉంది. పందులు దిగినప్పుడు ఆ చప్పుడు చాలు, అవి మళ్ళీ నాలుగు రోజులు రావు.

ముందు నువ్వే తుపాకీ ఇవ్వాలని ఆయనకు నచ్చజెప్పాను. మావ ఇస్తే ఊరంతా ఇస్తుంది. ఊరంతా ఇస్తే మండలంలో నాకు పేరు వస్తుంది. ఈ రెండో సంగతి నేను పైకి అనలేదు గాని, నా మనసులో ముందున్నది అదే.

ఆయన ఒక్కటే అడిగాడు.

"పందులొత్తే ఏటి సెయ్యమంటావు అల్లుడా?"

"పంట కాపలాకి లైసెన్సు ఇత్తారంట మావా. కొత్త తుపాకీ, సర్కారు తుపాకీ," అన్నాను. అలాగని నాకెవరూ చెప్పలేదు. కాగితంలో లేదు. ఆయన ఒప్పుకోవాలని అన్నాను.

అప్పగింత మండల కేంద్రంలో, హైస్కూలు మైదానంలో జరిగింది. నీలం పరదా మీద తుపాకులన్నీ వరసగా పేర్చి, ఒక్కోదానికి అట్టముక్క కట్టారు. మా నియోజకవర్గం సీటుకు పోటీ చెయ్యబోతున్న నాయకుడు వేదిక మీద ఉన్నాడు. వెనక ఇద్దరు గన్‌మెన్. చేతులెత్తి దండం పెట్టినప్పుడల్లా ఆయన చొక్కా పైకి లేచి, నడుముకు పెట్టుకున్న పిస్తోలు తోలు సంచీ కనబడుతోంది. తుపాకీ లేని కొండలే తన కల అని ఆయన ప్రసంగించాడు. గిరిజన రైతుల కోసం అసెంబ్లీలో మాట్లాడి నిబంధనలు సడలింపజేస్తానన్నాడు. ఈ రోజు ఇచ్చినవాళ్ళకే రేపు మొదటి లైసెన్సు అన్నాడు. నేను చెప్పిన అబద్ధం అంత పెద్ద మనిషి నోట వినేసరికి నా గుండె కుదుటపడింది.

మావను ముందుకు పిలిచారు. ఫోటో సరిగా పడలేదని తుపాకీ మళ్ళీ ఆయన చేతికిచ్చి మళ్ళీ తీసుకున్నారు. నాయకుడు కెమెరా వైపు తిరగలేదని మూడోసారి కూడా ఇచ్చి తీసుకున్నారు. మూడోసారి మావ చెయ్యి వెంటనే వదల్లేదు. పోలీసాయన నవ్వుతూనే లాక్కున్నాడు. మావ భుజాల మీద దుప్పటి కప్పారు.

వారం తిరక్కుండా అవతలి పార్టీవాళ్ళు సంతకు వచ్చారు. మీ చేతులు నరికేశారు, మేమొస్తే మీ తుపాకులు మీకిచ్చేస్తాం అని మైకులో చెప్పారు. గూడెం కొత్తవీధి వైపు ఊళ్ళలో కూడా ఇవే మాటలు రెండు వైపుల నుంచీ వినబడుతున్నాయని మా బంధువులు అనుకున్నారు. ఒకరికి మా తుపాకులు తీసుకున్నామని చెప్పుకోవాలి, ఇంకొకరికి తిరిగి ఇస్తామని చెప్పుకోవాలి. చేలో పందులు పడితే ఎవరి పార్టీ కార్యకర్తా వచ్చి తోలలేదు.

చోళ్ళు గింజ పట్టే వేళకు పందులు దిగాయి. అత్త డబ్బా వాయించింది, మావ కాగడాతో తిరిగాడు. మొదట్లో భయపడ్డాయి, తర్వాత అలవాటు పడ్డాయి. సగం చేను పోయింది. తిన్నదాని కంటే తొక్కింది ఎక్కువ. అత్త విరిగిన కంకులు ఏరి తట్టలో పోసుకుని సచివాలయానికి వచ్చి, నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నేను లైసెన్సు దరఖాస్తు ఫారం తెచ్చాను. అలాంటిది నిజంగానే ఉంది. భూమి పట్టా కావాలి. మతి స్థిరంగా ఉందని డాక్టరు రాసివ్వాలి. తుపాకీ పేల్చడంలో శిక్షణ పొందినట్టు కాగితం కావాలి. తుపాకీ దాచడానికి ఇంట్లో తాళమున్న ఇనప బీరువా చూపించాలి. మావ ఇంట్లో రేకు పెట్టె ఒకటుంటే దానికి తాళం వేసి ఫోటో తీసి జతచేశాను. ఎందుకు కావాలి అన్న గడిలో, అడవి పందుల నుంచి పంట కాపాడుకోవడానికి అని గుండ్రటి అక్షరాలతో రాశాను. మావ కిందన సంతకం పెట్టాడు. ఆ సంతకం నేర్పింది నేనే, తొమ్మిదో తరగతి సెలవుల్లో.

దరఖాస్తు పరిశీలన కోసం స్టేషనుకు వచ్చింది. ఒక ఉదయం నాకు ఫోను. మీ మావను తీసుకురా, చిన్న ఎంక్వయిరీ అన్నారు. లైసెన్సు పని కదలిందనుకున్నాను. అప్పగింత రోజు కప్పిన ఆ దుప్పటి కప్పుకు రమ్మని ఆయనకు చెప్పి మరీ తీసుకెళ్ళాను.

ఇన్‌స్పెక్టర్ చిన్న వయసువాడు. నాకు కుర్చీ చూపించి టీ ఇప్పించాడు. మావను నేల మీద కూర్చోబెట్టారు. మావకు సంతలో బేరమాడేంత తెలుగు వచ్చు గాని, స్టేషనులో అడిగే తెలుగు రాదు. నేను మా భాషలోకి మార్చి చెప్పాలి.

ఇన్‌స్పెక్టర్ దరఖాస్తు చూపిస్తూ అన్నాడు. "తుపాకీ లేనివాడికి లైసెన్సు ఎందుకయ్యా? అడుగు."

తుపాకీ ఇచ్చేశాడు కాబట్టే లైసెన్సు అడుగుతున్నాడని నేను చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. మీ ఊరి లెక్కలో ఒకటి తక్కువ పడింది, అంత సులువుగా మొదటిది ఇచ్చినవాడి దగ్గర రెండోది ఉండే తీరుతుంది అన్నాడు. అదే మావకు చెప్పాను.

"నాకాడ ఒక్కటే ఉండీది. ఇచ్చీసినాను. నువ్వే కదా రాసినావు," అన్నాడు మావ, నా వైపే చూస్తూ. చివరి మాట నేను తెలుగులో చెప్పలేదు.

పంది ఎలా వస్తుందో చూపించమన్నారు. మావకు అర్థం కాలేదు. నేను అర్థమయ్యేలా చెప్పాను. ఆయన నేల మీద మోకాళ్ళూ చేతులూ ఆనించాడు. ముక్కుతో తవ్వమన్నారు. తవ్వినట్టు చేశాడు. అరవమన్నారు. అరిచాడు. కానిస్టేబుల్ లాఠీ తుపాకీలా పట్టుకుని నోటితో ఢామ్ అన్నాడు. పడిపోవాలని తెలియక ఆయన అలాగే ఉంటే, తన్ని పడగొట్టారు. గదిలో అందరూ నవ్వారు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని నేనూ నవ్వాను. పెద్దగా కాదు. కాని మావ తల తిప్పి చూసినప్పుడు ఆ నవ్వు నా మొహం మీదే ఉంది.

అదే సమయానికి నాయకుడి మనిషి ఒకడు లోపలికి వచ్చాడు. ఎన్నికల సమయంలో లైసెన్సు ఆయుధాలు స్టేషనులో జమ చెయ్యాలి. తమ నాయకుడి ప్రాణానికి ముప్పు ఉంది గనక ఆయనకు మినహాయింపు ఇచ్చినట్టు ఉత్తరం తెచ్చాడు. హెడ్ కానిస్టేబుల్ లేచి నిలబడి తీసుకున్నాడు. కింద పడున్న మావ కాళ్ళను దాటుకుని ఆ మనిషి వచ్చాడు, దాటుకునే వెళ్ళాడు.

మూడు రోజులు వరసగా పొద్దున్నే వెళ్ళి సాయంత్రం తిరిగి వచ్చాం. రెండో రోజు నుంచి అరికాళ్ళ మీద కొట్టారు. కొట్టేటప్పుడు నన్ను బయటికి పొమ్మనేవారు, అడిగేటప్పుడు లోపలికి పిలిచేవారు. రెండో రోజు తిరిగొస్తూ ఏటవాలు దారిలో మావ ఒక రాయి మీద కూలబడ్డాడు. నన్ను క్షమించు మావా, నా వల్లే ఇదంతా అన్నాను.

"నువ్వు రాయకపోతే ఇంకోడు రాసీవోడు. దానికి నాకు కోపం నేదు," అన్నాడు. కాసేపు పాదాలు పట్టుకుని కూర్చుని, "నువ్వెందుకు నవ్వినావురా?" అని అడిగాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని లేపబోతే, పక్కనున్న చెట్టు పట్టుకుని లేచాడు.

మూడో రోజు ఇన్‌స్పెక్టర్ మెత్తగా మాట్లాడాడు. ఎక్కడినుంచి తెస్తావో నాకనవసరం, ఒకటి తెచ్చి పెట్టు, కేసు ఉండదు, లెక్క సరిపోతుంది, ఇంటికి పోయి పడుకో అన్నాడు. ఆ మాటలు చెప్పి, ఆయన అననిది నేనొకటి కలిపాను. ఏదో ఒకటి ఇచ్చీ మావా, నాను చూసుకుంటాను అన్నాను.

నన్ను వెంటబెట్టుకుని మావ పాలిచ్చే మేకను తోలుకుపోయి లోయలోని కమ్మరికి ఇచ్చాడు. అతను పాత నీళ్ళ పైపు ముక్కకు కర్ర బిగించి, తీగ చుట్టి, మసి రాసి ఇచ్చాడు. మందుకు నిప్పంటించే రంధ్రం దానికి లేదు. పేలదు. దూరం నుంచి చూస్తే తుపాకీలా ఉంటుంది, అంతే. మర్నాడు గోనెలో చుట్టి తెచ్చి స్టేషనులో బల్ల మీద పెట్టాం. ఇన్‌స్పెక్టర్ తిప్పి చూసి, నవ్వి, బాగుందన్నాడు.

సాయంత్రానికి మాట మారింది. అప్పగింత గడువు దాటిపోయింది కాబట్టి, ఇప్పుడు దొరికింది అప్పగించినట్టు కాదనీ, పట్టుబడినట్టు రాయాలనీ పైనుంచి చెప్పారట. ఎన్నికల ముందు అక్రమ ఆయుధం పట్టుకున్నామంటే వాళ్ళకు అది ఇంకా మంచి వార్త. అడవిలో చెట్టు మొదట్లో పాతిపెట్టిన నాటు తుపాకీని ముద్దాయి చూపించగా స్వాధీనం చేసుకున్నాం అని పంచనామా రాశారు. సాక్షులుగా ప్రభుత్వ ఉద్యోగుల సంతకం కావాలన్నారు. నాకు పెన్ను ఇచ్చారు.

సంతకం పెట్టనంటే ఏమవుతుంది సార్ అని ఇన్‌స్పెక్టర్‌ను అడిగాను. ఏమీ కాదు, నువ్వు కూడా కమ్మరి దగ్గరికి వెళ్ళావు కదా, రెండో ముద్దాయిగా నీ పేరు రాస్తాం అన్నాడు, మామూలుగా, భోజనం చేశావా అని అడిగినట్టు. సంతకం పెట్టాను. మావ బెంచీ చివర కూర్చుని నా చెయ్యి కదలడం చూస్తున్నాడు.

ఆయనను కింద మైదాన ప్రాంతంలో ఉన్న జైలుకు పంపారు. బెయిలు వచ్చేసరికి కొండ మీద వానలు మొదలై, దుక్కుల వేళ దాటిపోయింది. ఆ ఏడు చేను దున్నేవాళ్ళు లేరు. ఆ పైపు తుపాకీ పనిచేసే స్థితిలోనే ఉందని పరీక్షించినవాళ్ళ రిపోర్టు వచ్చింది.

వాయిదాలు తిరిగి తిరిగి, చివరికి వకీలు ఒక సలహా ఇచ్చాడు. తప్పు ఒప్పుకుంటే జైల్లో ఉన్న రోజులే శిక్షగా లెక్కేసి వదిలేస్తారు, వాదిస్తే ఏళ్ళు పడుతుంది, సాక్షి సొంత మేనల్లుడే గనక గెలవడం కష్టం అన్నాడు. ఇదీ నేనే మావకు చెప్పాలి.

"ఒప్పుకుంటే బేగి ఇంటికెల్లిపోతానా?" అని అడిగాడు.

వెళ్ళిపోతావు మావా అన్నాను. ఆయన బోనులో నిలబడి చేతులు జోడించి ఒప్పుకున్నాడు. అన్నట్టుగానే ఆ రోజే వదిలేశారు.

నాయకుడు ఎన్నికల్లో గెలిచాడు. పంట కాపలా లైసెన్సుల మాట ఆయన అసెంబ్లీలో ఎత్తినట్టు నేనెక్కడా చదవలేదు. అవతలి పార్టీవాళ్ళు కూడా ఎత్తలేదు. మావ పెట్టిన దరఖాస్తుకు మాత్రం జవాబు వచ్చింది. దరఖాస్తుదారుకు ఆయుధాల చట్టం కింద శిక్ష పడినందున లైసెన్సు ఇవ్వడానికి వీలుపడదని ఉంది. సచివాలయానికి వచ్చే ఉత్తరాలు ఇంటింటికీ చేర్చేది నేనే కాబట్టి, అదీ తీసుకెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడి చదివి వినిపించాను. ఆయన పూర్తిగా విన్నాడు. "మరింకేటైనా రాసుందా సారూ?" అని అడిగాడు. లేదన్నాను. కాగితం చేతికిస్తే తీసుకోలేదు. అత్త లోపలి నుంచి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

అడవి అంచు చేను ఇప్పుడు బీడు. మావ ఇంటి పెరట్లో నాలుగు మడులు చేసుకుని రాజ్మా వేస్తున్నాడు. చలికాలంలో అరికాళ్ళు పగిలి కొండ ఎక్కలేకపోతున్నాడని అమ్మ చెప్పింది. నేను ఎండబెట్టిన పసుపూ కాస్త నూనే పంపాను. రెండూ తిరిగి వచ్చాయి. నాకు కిందటేడు ప్రమోషన్ వచ్చింది. అదే సచివాలయం, అదే బల్ల. నా కాగితాలన్నీ సక్రమంగా ఉంటాయని మండలంలో నాకు మంచి పేరు ఉంది.