పద్నాలుగో స్లైడు

ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే లేచి వంటింట్లోకి పోయే రకం నేను. చిన్నప్పుడు కుసుమంచి దగ్గర మా ఊళ్ళో పాడుబడ్డ మోటబావి దగ్గర ఏదో తిరుగుతుందంటే, పందెం కట్టి మరీ ఒక్కదాన్నే పోయి కూర్చుని వచ్చాను. మా అమ్మ చేత తన్నులు తిన్నాను. పెద్దయ్యాక ముప్ఫై ఏళ్ళకు పైగా మైక్రోస్కోపు ముందు బతికాను. ఉందో లేదో చూసి చెప్పడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో చూసి కూడా చెప్పలేకపోయింది ఒక్కటే ఉంది. అదే ఇది.

ఎనభైల నాటి మాట. దుమ్ముగూడెం దాటి అడవి లోపలికి పోయే దారిలో ఒక చిన్న సర్కారు దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఒక గది, ఒక బల్ల, కిటికీ పక్కన మైక్రోస్కోపు. దానికి కరెంటు అక్కర్లేదు, కింది అద్దం మీద వెలుతురు పడితే చాలు. మబ్బు పట్టిన రోజు మాత్రం నాకూ దానికీ పడేది కాదు.

మలేరియా పనివాళ్ళు గూడేలు తిరిగి, జ్వరమొచ్చినవాళ్ళ వేలు గుచ్చి, గాజు స్లైడు మీద రక్తం పట్టి తెచ్చేవాళ్ళు. నేను రంగు వేసి చూసి, ఎవరికి మలేరియా ఉందో రాసిచ్చేదాన్ని. వాళ్ళే మళ్ళీ పోయి మందు ఇచ్చేవాళ్ళు. చెబితే ఇంతే పని. కానీ నాకు అదంటే ప్రాణం. ఇక్కడ కూర్చుని, అడవిలో నేనెన్నడూ చూడని మనిషికి ఏం రోగమో ఒక్క చుక్క చూసి చెబుతున్నానంటే గొప్పగా ఉండేది.

అలాగని ఉద్యోగం ఒక్కటే చాలనుకోలేదు. ప్రైవేటుగా కట్టిన డిగ్రీ పాసవ్వాలి. మంచివాడు దొరికితే పెళ్ళి చేసుకోవాలి. పిల్లలు కావాలి. ఆదివారం పూట గోదావరి ఒడ్డున ఏ పనీ లేకుండా కూర్చోవాలి. అన్నీ కావాలి. మా అమ్మ దీనికి ఒకటే మాట అనేది. "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినోళ్ళు నీళ్ళల్లనే పడ్తరు బిడ్డా."

అప్పటికే రెండు సంబంధాలవాళ్ళు పెళ్ళయ్యాక ఉద్యోగం మానాలన్నారని నేనే వద్దన్నాను. మూడోది ఖమ్మంలో సైన్సు టీచరు. గురువారం పొద్దున చూడ్డానికి వస్తున్నారు, బుధవారం రాత్రికల్లా ఇంట్లో ఉండాలని అమ్మ ఉత్తరం రాయించింది. చివర నాన్న తన చేత్తో ఒక వాక్యం కలిపాడు. ఈసారి రాకపోతే తానే వచ్చి నా సామాను సర్దించి ఇంటికి తీసుకుపోతాడట. మా నాన్న ఒక మాట అన్నాడంటే చేసే మనిషి.

ఇక ముత్తయ్య గురించి చెప్పాలి. మా దవాఖానాలో అందరికన్నా పాత మలేరియా పనివాడు. నేను పెద్దయ్యా అని పిలిచేదాన్ని. స్లైడు మీద రక్తం పట్టడం నాకు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది ఆయనే. స్లైడు మీద రెండు ఉంటాయి. ఒకటి గుండ్రంగా, మందంగా పెట్టిన చుక్క. దాని పక్కన పలుచగా లాగిన పూత. ఆ పూత మీద పెన్సిలుతో గూడెం గుర్తు, ఇంటి నంబరు రాస్తారు. చేతిరాత లాగా ఎవరి స్లైడు వాళ్ళదే. కొన్నాళ్ళకు నేను చూడగానే ఇది ఫలానా వాళ్ళు పట్టిందని చెప్పేదాన్ని. నంబరు చదవడానికి సరిగ్గా పట్టుకుంటే అందరి పూతా కుడికి పోయేది. ముత్తయ్యది ఎడమచేతి వాటం కాబట్టి ఎడమకి పోయేది. ఆయన పెట్టిన చుక్క గీసినట్టు గుండ్రంగా ఉండేది. తొమ్మిది అంకె రాస్తే తోక పొడుగ్గా కిందికి దిగేది.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. స్లైడులో ఏం వచ్చిందని ఎప్పుడూ అడిగేవాడు కాదు. "మందు చేరిందా బిడ్డా?" అనే అడిగేవాడు. మందు ఆ మనిషి నోట్లో పడేదాకా ఆయన దృష్టిలో పని కానట్టే. వాగు అవతలి గూడేనికి వానాకాలంలో కూడా పోయేది ఆయన ఒక్కడే. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకుని, మళ్ళీ లేవలేదు. నేను దినాలకు పోయాను. మా సొంతవాళ్ళు పోయినప్పుడు కూడా నేను అంత ఏడవలేదు.

ఆయన జాగాలో శ్రీను వచ్చాడు. పెళ్ళాం పిల్లలున్న మనిషి, నెమ్మదస్తుడు. వాగు నిండితే మాత్రం అవతలికి పోయేవాడు కాదు. ఈత రానివాడిని తప్పుపట్టి ఏం లాభం.

ఆ బుధవారం పొద్దున శ్రీను తాళం వేసిన స్లైడ్ల పెట్టె తెచ్చిచ్చాడు. జాబితాలో పదమూడు పేర్లు. నాకు రెండు గంటల బస్సుకు పోవాలన్న తొందర. లెక్కపెట్టకుండానే అన్నిటికీ కలిపి రంగు వేసి ఆరబెట్టాను. ఆ తప్పు నాదే. ఒక్కొక్కటే చూసి పేరుకు ఎదురుగా రాసుకుంటూ పోతే, పదమూడూ అయ్యాక ఇంకొకటి మిగిలింది.

వెలుతురుకు పెట్టి చూశాను. పూత ఎడమకి పోయింది. చుక్క గీసినట్టు గుండ్రంగా ఉంది. వాగు అవతలి గూడెం గుర్తు, ఇంటి నంబరు తొమ్మిది. తొమ్మిదికి పొడుగాటి తోక.

ముందు నాకు కోపం వచ్చింది. పాతదేదో కలిసిపోయిందనుకున్నాను. అప్పట్లో స్లైడ్లు కడిగి మళ్ళీ వాడేవాళ్ళం. కానీ రక్తం పాతబడితే రంగు వేసేటప్పుడు ఆ చుక్కలో ఎరుపు నీళ్ళలో కరగదు, మట్టిరంగులో మొండిగా ఉండిపోతుంది. వానాకాలమైతే చీమలే తినేస్తాయి. ఇది శుభ్రంగా కరిగి చక్కగా రంగు పట్టింది. మహా అయితే రెండు మూడు రోజుల కిందటి రక్తం. ముత్తయ్య పోయి నాలుగు నెలలైంది. నా కోపం పోయింది.

మైక్రోస్కోపు కింద పెట్టాను. ఫాల్సిపారం. మెదడుకెక్కి ప్రాణం తీసే మలేరియా. ఎక్కడ చూసినా క్రిముల కుప్పలు. ఇది ఎవరి రక్తమో గానీ, ఆ మనిషికి ఎక్కువ రోజులు లేవు.

శ్రీనును పిలిచి ఇదెవరిదని అడిగాను. చూసి అడ్డంగా తల ఊపాడు. "ఆ గూడెం నేను పోనేలేదు మేడం. వాగు దిగితే గద. మా అమ్మ మీద ఒట్టు."

ఇది ఎవరి చేయో నీకు తెలుసా అన్నాను. దాన్ని మళ్ళీ చూసి, బల్లకు దూరంగా జరిగి నిలబడ్డాడు.

"లేని మనిషి పంపిన స్లైడు పట్టుకొని పోతే మనం తిరిగొస్తమా మేడం? మీరు బస్సెక్కుండ్రి. వాగు దిగినంక నేనే పోత."

తమాషా చూడండి. దయ్యాన్ని నమ్మే మనిషి వద్దంటున్నాడు, నమ్మని నేను పోదామంటున్నాను. డాక్టరు గారిని అడుగుదామంటే ఆయన ఖమ్మంలో మీటింగుకు పోయారు, సాయంత్రం బస్సుకు గానీ రారు.

సంచిలో కొత్త చీర మడతపెట్టి ఉంది. అబద్ధమెందుకు, నాకూ పోవాలనే ఉంది. ఆ సైన్సు టీచరు ఫోటో అప్పటికి నాలుగుసార్లు చూసుకున్నాను. పోకపోతే నాన్న వస్తాడు. ఈ కిటికీ, ఈ బల్ల, నా డిగ్రీ అన్నీ ఒక ట్రంకుపెట్టెలో సర్దుకుని పోవాల్సిందే. పోనీ, ఆ తొమ్మిదో నంబరు ఇంట్లో ఎవరికీ ఏమీ లేకపోతే? ఊరంతా నవ్వుతుంది. నాకు ఏడుపొచ్చింది. కానీ సంచి ఎత్తుకుని బస్సు దగ్గరికి పోదామని లేచిన ప్రతిసారీ ఆ కుప్పలే కళ్ళముందు కనపడ్డాయి. చివరికి సంచి బల్ల కింద పెట్టి, నర్సమ్మ దగ్గర మందు తీసుకుని బయల్దేరాను. ఆడమనిషిని ఒక్కదాన్నే పంపడానికి మనసొప్పక శ్రీను కూడా వచ్చాడు, దారి పొడుగునా రామనామం చదువుకుంటూ.

వాగులో నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. అవతలి ఒడ్డున పశువులు కాస్తున్న ఇద్దరు మనుషులు మోకు విసిరి మమ్మల్ని లాక్కున్నారు. నడిమిట్లో నా కాలు జారి నిలువునా మునిగి లేచాను. మా అమ్మ నోటివాక్కు ఫలించిందని అంత భయంలోనూ నవ్వొచ్చింది.

తొమ్మిదో నంబరు ఇల్లు గూడెం చివర ఉంది. లోపల మంచం మీద జోగమ్మ అనే పిల్ల, ఐదో నెల కడుపుతో, ఒళ్ళు తెలియకుండా పడి ఉంది. పిలిస్తే పలకలేదు. కళ్ళు పైకి పోతున్నాయి. పక్కన వాళ్ళ అత్త తడిగుడ్డ పట్టుకుని కూర్చుంది. జ్వరమొచ్చి ఐదు రోజులైందట. ముసలమ్మకు తెలుగు బాగానే వచ్చు. మొన్న వచ్చి వేలు గుచ్చింది ఎవరని అడిగాను.

"ఎవలొచ్చిండ్రమ్మా? ముత్తన్న పోయినంక మా దిక్కు చూసినోళ్ళే లేరు."

మలేరియా పనివాళ్ళు ఇంటికి వచ్చినప్పుడల్లా గోడ మీద తారీఖు వేసి సంతకం పెట్టే గడులు ఉండేవి. చూశాను. చివరి సంతకం ముత్తయ్యదే, ఎండాకాలానికి ముందుది. ఆ తర్వాత గడులన్నీ ఖాళీ. జోగమ్మ చేయి పట్టుకుని చూశాను. ఎడమచేతి ఉంగరపు వేలి చివర చిన్న నల్లటి చుక్క ఉంది, సూది గుచ్చినట్టు. అయితే ముల్లు గుచ్చుకోని వేలు అడవిలో ఎవరికుంటుంది? అందుకే దాన్ని సాక్ష్యంగా చెప్పను.

నేను కూడా ఒక స్లైడు పట్టాను. గూడెం మగవాళ్ళు నలుగురు మంచంతో సహా ఆమెను భుజాన ఎత్తుకుని, వాగు దాటించి, పొద్దు ఉండగానే దవాఖానాకు చేర్చారు. డాక్టరు గారు బస్సు దిగుతూనే చేతి సంచి కూడా కింద పెట్టకుండా సెలైనులో క్వినైను ఎక్కించారు. ఇంకొక్క రోజు ఆగితే చేసేదేమీ ఉండేది కాదన్నారు. మూడో రోజు జోగమ్మ కళ్ళు తెరిచి జావ అడిగింది. చలికాలంలో ఆడపిల్లను కన్నది. ఇద్దరూ గట్టిగా ఉన్నారు.

నేను పట్టిన స్లైడునూ పద్నాలుగోదాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. జబ్బు రెండింట్లోనూ అదే. నా దాంట్లో కాస్త ముదిరింది, మధ్యలో రెండు మూడు రోజులు గడిస్తే ఎంత ముదురుతుందో అంత.

అక్కడ మా ఇంట్లో ఏం జరిగిందంటే, పెళ్ళివారు వచ్చి ఉప్మా తిని వెళ్ళిపోయారు. అన్నట్టుగానే శనివారం నాన్న దిగాడు. దవాఖానా వరండాలో కూర్చున్నాడు. జోగమ్మకు తోడుగా వచ్చిన ముసలమ్మ పక్కన కూర్చుని ఆయనకు వాగు కథంతా చెప్పింది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు నా తల మీద చేయి పెట్టి, "పైలం బిడ్డా. ఈత నేర్చుకో" అన్నాడు. సామాను ఊసే ఎత్తలేదు. నేను బస్సు కనుమరుగయ్యేదాకా చేయి ఊపుతూనే ఉన్నాను.

పై ఆదివారం ఎవరో మనిషి బస్సు దిగి ల్యాబు ఎక్కడని అడుగుతూ వచ్చాడు. ఫోటోలో కన్నా కాస్త సన్నగా ఉన్నాడు. పెళ్ళిచూపులకు రాకుండా వాగులో దూకిన పిల్లను చూసి పోదామని వచ్చానన్నాడు. ఆ ఊళ్ళో శ్రీనుకు తప్ప నేను ఎవరికీ పూర్తిగా చెప్పని సంగతి ఎందుకో ఆయనకు చెప్పాను. స్లైడు రెండుసార్లు చూశాడు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానాలా అని నేనే అడిగేశాను.

"మీరు మానేస్తే పద్నాలుగోది వస్తే ఎవరు చూస్తరు?" అన్నాడు.

ఆయనే మా ఆయన. భద్రాచలం బడికి బదిలీ చేయించుకుని వచ్చాడు. డిగ్రీ రెండోసారికి పాసయ్యాను. ఇద్దరు పిల్లలు. ఆదివారాలు గోదావరి ఒడ్డు కూడా దక్కింది. ఈత మాత్రం ఇప్పటికీ రాలేదు.

మా ఆయన పేరు రాయలేదు. సైన్సు మాస్టారికి దయ్యాల కథలో పేరు పడటం ఇష్టముండదు. ఇన్నేళ్ళుగా ఏడాదికొక కారణం కనిపెడుతూనే ఉన్నాడు. పాత స్లైడన్నాడు, అది కాదని చూపించాను. శ్రీను పట్టి దాచిపెట్టాడన్నాడు, కుడిచేతి మనిషి చేత ఎడమచేత్తో పట్టించి, చుక్క ఎంత వంకరగా వస్తుందో చూపించాను. ముత్తయ్య దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎవరో గూడెంలో ఉండి ఉంటారన్నాడు. ఇది బాగుంది. నాకూ ఇదే నిజమైతే బాగుండుననిపించింది. ఇద్దరం పోయి ఇల్లిల్లూ అడిగాం. అలాంటివాళ్ళెవరూ లేరు. ఉన్నా, తాళం వేసిన పెట్టెలోకి ఆ స్లైడు ఎలా వచ్చిందో చెప్పాలి కదా.

రిటైరైన రోజు మైక్రోస్కోపు అప్పగించి, ఆ స్లైడు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. దూదిలో చుట్టి దాచాను. రంగు వెలిసింది గానీ తొమ్మిది తోక ఇంకా కనిపిస్తుంది. ఎవరు పట్టారో నాకు తెలియదు. తెలుసుకోవడానికి చేయగలిగిందంతా చేశాను.

ఒక్క సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. ఆ బుధవారం సాయంత్రం జోగమ్మకు క్వినైను ఎక్కడం మొదలయ్యాక, తడిచీరతోనే ల్యాబుకు తాళం వేయడానికి వచ్చాను. తలుపు మూసేముందు, ఖాళీ గదిలోకి చూసి, "చేరింది పెద్దయ్యా" అన్నాను.