ఊళ్లకు బండి అడిగిన బాపు

మా పక్కింటి బాపు పోయారు. నిన్న సాయంత్రం నగరంలో, గౌలిపురలోని మా గల్లీ మొదట్లో ట్రాక్టరు ఆగితే, ఎవరో బర్రెలకు గడ్డి తెచ్చారనుకున్నాను. నలుగురు పల్లెటూరి మనుషులు దుప్పటి కప్పిన ఆయన్ని దించారు. మొన్న సాయంత్రం నా గుమ్మంలో నిలబడి చాయ్ తాగిన మనిషి! ఇది రాస్తుంటే కూడా నాకు నమ్మకం కుదరడం లేదు.

గల్లీ అంతా ఆయన్ని బాపు అనేది. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చిన నాకూ ఆ పిలుపే అలవాటైంది. మా ఇంట్లో కిరసనాయిలు స్టవ్వు భగ్గుమన్న రోజు తడి గోనెసంచి వేసి ఆర్పింది ఆయనే. జీవితమంతా ఫైరింజను నడిపి రిటైరయ్యారు. అయినా చెప్పులు వాకిలి వైపు తిప్పే విడిచేవారు. ఎందుకని అడిగితే, "పిలుపు ఎప్పుడొస్తదో ఏం ఎరుక సారూ? చెప్పులు తిప్పుకునే లోపల ఒక గుడిసె పోతది" అనేవారు.

ఆయన మాటిమాటికీ చెప్పే సంగతి ఒకటుంది. నగరానికి చాలా దూరంలో ఒక ఊళ్లో గుడిసెలు అంటుకున్నాయి. ఆ ఊళ్లో ఫోను లేదు. ఎవరో సైకిలు మీద రైల్వే స్టేషనుకు పోయి అక్కణ్నుంచి ఫోను చేయిస్తే, ఇక్కడి నుంచి ఫైరింజను వెళ్లేసరికి బూడిదే మిగిలింది. ఒళ్లు కాలిన ఒకామె మూలుగుతోంది. ఇంజనులో రోగుల్ని ఎక్కించకూడదని రూలు. బాపు ఆమెను పైపుల చుట్టల మీద పడుకోబెట్టి, గంట కొట్టుకుంటూ ఆసుపత్రికి తెచ్చారు. ఆమె బతికింది. ఆయనకు మాత్రం సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. "అగ్గి ఆమె ఒంటి మీదనే ఉండె. అగ్గి కాడికే గదా నన్ను పంపిండ్రు!" అని జవాబిచ్చారట.

అప్పట్నుంచి ఆయనది ఒకటే పట్టు. పది ఊళ్లకు కలిపి ఒక జీపు, దాంట్లోనే నీళ్ల పంపు, దాంట్లోనే స్ట్రెచరు. అదే రాసి ఆయన పెట్టిన అర్జీ తిరిగి తిరిగి అగ్నిమాపక శాఖ ఆఫీసులో నా బల్ల మీదికే వచ్చింది. నేనేం చేశానో చెప్పాలి. నిప్పు మా శాఖది, రోగి ఇంకో శాఖవాళ్లది కదా అని అర్జీని రెండు ఫైళ్లు చేశాను. పద్ధతిగా చేశానని మురిసిపోయాను కూడా. ఇక వాళ్ల అభిప్రాయం కోసం మేము, మా అభిప్రాయం కోసం వాళ్లు ఎదురుచూస్తూ, నిధులెవరివో తేలక ఏడాది గడిచింది.

"కాలినోడు సగం మీ ఆఫీసుకు, సగం గా ఆఫీసుకు పోవాల్నా ఏంది సారూ?" అన్నారు మొన్న బాపు, నవ్వుతూనే. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పుకోవడానికి, "ఊరివాళ్ల సంతకాలుంటే రెండూ కలిపి పైకి పంపుతాను బాపూ" అన్నాను. నిజానికి సంతకాలు ఎవరూ అడగలేదు. ఆయన్ని నాలుగు రోజులు ఆపడానికి నా నోటికొచ్చిన మాట అది.

"గంతేనా? ఫికర్ చెయ్యకుండ్రి, రేపే పోత" అన్నారు.

అన్నట్టే నిన్న తెల్లవారుజామునే, గుడిసెలు కాలిన ఆ ఊరికి పోయారు. బడి వరండాలో వేలిముద్రలు వేయిస్తూ గుండె పట్టుకుని కూలబడ్డారట. బస్సు మధ్యాహ్నానికి గాని లేదు. పొలంలో ఉన్న ట్రాక్టరును పిలిపించి, ట్రాలీ తగిలించి, గడ్డి పరిచి బయల్దేరారు. సగం దారిలో ప్రాణం పోయింది. ఇందులో నీ తప్పేముందని నా భార్య ఓదారుస్తోంది. ఆయన్ని అక్కడికి పంపింది నేను.

ఇంట్లో ఏడుపులు మొదలయ్యాక, ట్రాక్టరుతో వచ్చిన ముసలాయన ఒకడు నన్ను వెతుక్కుంటూ వచ్చి మడిచిన కాగితం నా చేతిలో పెట్టాడు. "ఫైరింజన్ డ్రైవర్ సారు మీకే ఇయ్యమన్నడు. ఊరోళ్లందరం ముద్రలేసినం. ఇగ బండి ఎన్నడొస్తది సారూ?" అన్నాడు.

నేను కాగితం విప్పాను. ఆయన నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఆయన బొటనవేలికి సిరా ఇంకా వదల్లేదు.