మూడో హర్డిల్

పరిగెత్తే రోజుల్లో మా బావకి జింక అని పేరు. ఇప్పుడా జింకకి పొట్ట వచ్చింది, జుట్టు పోయింది, మోకాలు కుయ్యో మొర్రో అంటోంది. మేడల మీద నీళ్ళ ట్యాంకులు బిగించి, పైపులు కలిపి సంసారం లాగుతున్నాడు. యాభై దాటాయి. అయినా వీధిలో పాత స్నేహితుడెవడైనా "ఏరా జింకా" అన్నాడంటే చాలు, చేతిలో రెంచీ ఉన్నా సరే, ఛాతీ విరుచుకుని నిలబడతాడు.

ఆయన్ని సినిమాలోకి లాగింది నేనే. షూటింగుల్లో లైట్లు పెట్టడం నా పని. అప్పుడు తీస్తున్నది ఒక కామెడీ. ఎప్పుడో ఆట మానేసిన హర్డిల్స్ వీరుడు పొట్టేసుకుని మళ్ళీ ట్రాక్ ఎక్కుతాడు, సగం సినిమా పడుతూ లేస్తూ జనాన్ని నవ్విస్తాడు, చివర్లో గెలుస్తాడు. గెలిచి చేతులెత్తడం వరకూ హీరోగారు చూసుకుంటారు. దూకడానికీ, పడడానికీ వేరే మనిషి కావాలి. వెనకనుంచి చూస్తే అచ్చం అదే పొట్ట ఉండాలి. "మా బావ ఉన్నాడు" అనేశాను. నా నోరు ఊరుకోదు కదా.

మొదటిరోజు దూకడమే. హర్డిల్స్ అన్నీ బావ అవలీలగా దాటేశాడు. యూనిట్టంతా చప్పట్లు. ఆ చప్పట్లు తలకెక్కాయి. ఇంటికెళ్ళి అక్కతో "ఏం పోలేదే, కాళ్ళు అలాగే ఉన్నాయి" అన్నాడట. మర్నాటినుంచి తెల్లారకముందే లేచి పరుగు. పెద్దవయసువాళ్ళకి హర్డిల్స్ పోటీలు పెడుతున్నారని విని పేరు కూడా ఇచ్చేశాడు. అక్క నాకు ఫోన్ చేసి దులిపేసింది.

"ఆ కాలికేమైనా అయితే నిచ్చెన నువ్వెక్కుతావట్రా? ఈ పిచ్చి అంటించింది నువ్వేగా!"

"ఏదో సరదా పడుతున్నాడు, పోనీలే అక్కా."

"సరదానా? నిద్రలో కూడా కాళ్ళు ఎగరేస్తున్నాడు. నిన్న నన్ను తన్నాడు!"

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

కొన్నాళ్ళకి పడే సీను పెట్టారు. పరిగెత్తుకుంటూ వచ్చి, రెండు దాటి, మూడో హర్డిల్‌కి కాలు తగిలి బోర్లా పడాలి. దెబ్బ తగలకుండా అవతల మట్టి గుల్లగా తవ్వి ఉంచారు. ఇంత తేలిక పని ఇంకోటి లేదనుకున్నాం. బావ వచ్చాడు, రెండు దాటాడు, మూడోదీ దాటేశాడు.

"పడాలి సార్!" అన్నాడు డైరెక్టర్.

"పడదామనే వచ్చానండీ. కాలు దానంతటదే లేచింది."

అందరూ పగలబడి నవ్వారు. మళ్ళీ పెట్టారు, మళ్ళీ దాటాడు. పైగా ప్రతిసారీ తల వంచుకుని "సారీ సార్" అంటూనే, నా పక్కనుంచి వెళ్తూ కన్ను కొడుతున్నాడు. "చూశావట్రా బామ్మర్దీ? నేను పడమన్నా ఈ కాలు పడదు!" ఆ ముఖం చూస్తే నాకు ముచ్చటేసింది. డైరెక్టర్‌కి మాత్రం ఒళ్ళు మండింది. ఎండ వాలిపోతోంది, హీరోగారు వాచీ చూసుకుంటున్నారు.

నేను లైటు స్టాండు మీద ఉన్నాను. బావ పరుగు మొదలుపెట్టే చోటికి తిరిగి నడుస్తుండగా డైరెక్టర్ అసిస్టెంటు గబగబా వెళ్ళి, మూడో హర్డిల్ పిన్ను లాగి, చెక్కని పైకి జరిపి పై కన్నంలో మళ్ళీ బిగించాడు. ఏం చేశాడో బుర్రకెక్కేసరికి బావ పరుగు మొదలుపెట్టాడు. "బావా, ఆగు!" అని అరిచాను. ఎదురెండలో చెక్క ఎత్తు కనిపించదు, పరుగు ఊపులో నా అరుపు వినిపించదు. కాలు లేచింది, చాలలేదు. చెక్కతో సహా బోర్లా పడి మట్టిలో జారుకుంటూ పోయాడు.

అద్భుతంగా వచ్చిందట సీను. కెమెరా వెనక వాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు. దిగి వెళ్ళి ఆ అసిస్టెంటు చెంప పగలగొడదామనుకున్నాను. ఈలోపు బావే లేచి, నోట్లో మట్టి ఊసి, వాళ్ళతో పాటు నవ్వాడు. ఇంటికెళ్ళేదాకా తల వంచుకుని చేతుల మట్టి గీరుకుంటూ వచ్చాడు. మోకాలు నొప్పి కాబోలనుకుని నేనూ కదిలించలేదు.

తర్వాత పరుగు మానేశాడు. పోటీలోంచి పేరు తీయించేశాడు. తిట్టడానికి కారణమేదీ లేక అక్క బిక్కచచ్చిపోయింది. "గోడకేసి తిరిగి పడుకుంటున్నాడురా. నువ్వొచ్చి ఏదైనా చెప్పు" అంది. నిజం చెబితే మనిషి లేస్తాడనిపించింది. వెళ్ళాను.

బావ పెరట్లో కూర్చుని పాత కుళాయి విప్పుతున్నాడు.

"బావా, నీ తప్పేం లేదు. వాళ్ళు మోసం చేశారు. నీకు తెలీకుండా ఆ మూడోది ఎత్తు పెంచారు. నా కళ్ళతో చూశాను."

"తెలుసు. కింద పడ్డాక చూశాను, పిన్ను పై కన్నంలో ఉంది."

"తెలిసీ ఎందుకిలా కుమిలిపోతున్నావు? అంత ఎత్తు ఎవడు దాటుతాడు?"

"నేను దాటేవాణ్ణిరా. అదే అసలు ఎత్తు. నాకు మెడల్ వచ్చింది ఆ ఎత్తులోనే." కుళాయి కింద పెట్టాడు. "మొదటిరోజు నుంచీ మిగతావన్నీ కింది కన్నంలోనే ఉన్నాయి. నాలాంటి ముసలాడికి అందేలా దించి పెట్టారు. పక్కన నిలబడితే అసలుది నడుం దాకా రావాలి. వచ్చిందా లేదా అని ఒక్కసారి కూడా చూసుకోలేదు. చూస్తే తెలిసిపోయేదిగా."

నేను మోసమనుకున్నది ఆయనకి మోసమే కాదు. చప్పట్లు కొట్టిన రోజుని తలుచుకుని ఈ మనిషి ఏడుస్తున్నాడు.

"పెద్దవాళ్ళ పోటీల్లో కూడా దించే పెడతారట కదా బావా. అవి దాటగలవుగా?"

"దాటగలను. దాటి ఏం చేసుకోను?"

అక్క ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో నిలబడి ఉంది. "ఏమండీ, రేపు పెందలాడే లేపనా?" అంది, బతిమాలుతున్నట్టుగా.

"లేపు" అన్నాడు బావ. "ఆ చివరి వీధిలో ట్యాంకు ఎక్కించాలి."

పరుగు మాని బుద్ధిగా పనికి పొమ్మని ఇన్నాళ్ళూ పోరిన మా అక్క, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.