అల్లూరు పెళ్లిలో రెండుసార్లు మోగిన గట్టిమేళం

సంగీత కళాశాలలో వయొలిన్ లెక్చరర్‌గా నా సర్వీసు చివరి ఏడాది, మాఘమాసంలో, ప్రిన్సిపాల్ గారు నాకొక అదనపు డ్యూటీ వేసినారు. పోలెండ్ నుంచి మా దగ్గర ఏడాదిపాటు వయొలిన్ నేర్చుకోవడానికి వచ్చిన క్లారా అనే అమ్మాయికి, మన సంగీతం తరగతి గది బయట ఎట్లా ఉంటుందో ఒకరోజు తిప్పి చూపించాలి. లెక్చరర్‌ని గదా, టూరిస్టు గైడును కాదు గదా అని గొణుక్కున్నాను. అయినా ఆర్డరు ఆర్డరే. అల్లూరులో నా పాత స్టూడెంటు సుజాత పెళ్లి ఉంటే అక్కడికే బయల్దేరదీసినాను.

దారిలో కొడవలూరు దాటినప్పట్నించీ క్లారా ప్రశ్నలే. పెళ్లి పందిట్లో ఇంకా ఎక్కువైనాయి. సన్నాయి ఆయన అంత బాగా వాయిస్తుంటే జనం రొయ్యల రేటు మాట్లాడుకుంటున్నారు, పిల్లలు కుర్చీల మధ్య పరుగులు తీస్తున్నారు. ఇంతమందిలో ఒక్కరూ వినరేం సార్, అని వచ్చీరాని తెలుగులో అడిగింది. పెళ్లిలో అంతేనమ్మా అన్నాను. ఆ పిల్ల మనసు కష్టపెట్టుకుని, కనీసం నేనైనా వింటానని పోయి మేళం ముందర జంపఖానా మీద కూర్చుంది.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. మా పెళ్లిళ్లలో వధూవరులు తెరకు అటొకరు ఇటొకరు కూర్చుంటారు. ఇద్దరి చేతుల్లో జీలకర్ర బెల్లం ముద్ద ఉంటుంది. సరిగ్గా ముహూర్తానికి పురోహితుడు చూపుడువేలెత్తి ఆడిస్తాడు. ఆ సైగ చూడగానే మేళం వాళ్లు వాయిస్తున్న రాగాన్ని ఎక్కడిదక్కడ వదిలేసి, డోలూ సన్నాయీ కలిపి ఒంట్లో ఎంత బలముంటే అంత బలంగా అందుకుంటారు. అదే గట్టిమేళం. ఆ క్షణంలో తుమ్ము గానీ ఏడుపు గానీ చెడ్డమాట గానీ పీటల మీదవాళ్ల చెవిన పడకూడదని. అది మోగగానే ఒకరి తలమీద ఒకరు ముద్ద పెడతారు. అందుకే డోలు ఆయన కళ్లు ఎప్పుడూ ఆ వేలి కోసమే వెతుకుతుంటాయి.

ముహూర్తానికి ఇంకా టైముంది. సన్నాయి ఆయన మోహన రాగంలో ఒక సంగతి వేసినాడు. క్లారాకు అది తెగ నచ్చింది. క్లాసులో ఏదైనా మళ్లీ వాయించమనాలంటే ఆ పిల్ల చూపుడువేలెత్తి ఆడించేది. ఇక్కడా అదే చేసింది. పురోహితుడి వైపే చూస్తున్న డోలు ఆయనకు, మధ్యలో ఆడిన వేలు ఎవరిదో ఏం తెలుసు? ఒక్కసారిగా అందుకున్నాడు. పెళ్లికొడుకు తెర మీదుగా చెయ్యి చాచి సుజాత నెత్తిన ముద్ద పెట్టేసినాడు. జనం అక్షింతలు చల్లేసినారు. ఇంకా కాలేదయ్యా, ఆపండి అని పురోహితుడు చేతులూపుతున్నాడు. క్లారా ఒక్కతే సంబరంగా చప్పట్లు కొడుతోంది.

మేళం ఆగింది. పెళ్లికొడుకు మేనమామ లేచి, "ఏందయ్యా ఇది? ముహూర్తం కాకముందే అయిపోయిందే! మావాణ్ణి పీటల మీదనుంచి లెయ్యమనండి" అన్నాడు. సుజాత తండ్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు తెర వెనకనుంచి సుజాత, "నేనింకా పెట్టలేదు మామయ్యా" అంది. ముద్ద ఆ పిల్ల చేతిలోనే ఉంది. పురోహితుడు ఆ మాట అందిపుచ్చుకున్నాడు. ఇద్దరూ పెడితేనే లెక్క, అబ్బాయి ముహూర్తం దాకా చెయ్యి అట్లాగే ఉంచాలి, అమ్మాయి నేను చెప్పేదాకా కదలకూడదు అన్నాడు.

మేనమామ ఊరుకోలేదు. సుజాత వైపు తిరిగి "ఈ పిల్ల..." అని మొదలుపెట్టినాడు. ఆ తర్వాత వచ్చేది మంచిమాట కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. నాకు ఒళ్లు మండింది. వేలెత్తి ఆడించినాను. డోలు ఆయన అయోమయంగా నన్ను చూసినాడు, పురోహితుణ్ణి చూసినాడు, క్లారాను కూడా చూసినాడు. వాయించవయ్యా అన్నట్టు మళ్లీ ఆడించినాను. అంతే, పందిరి అదిరిపోయింది. మేనమామ పెదాలు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినబడితే ఒట్టు. కాసేపటికి ఆయాసపడి కూర్చున్నాడు. మేళం మోగుతుండగానే ముహూర్తం వచ్చింది. పురోహితుడు సుజాతకు సైగ చేసినాడు. పెట్టింది.

తిరుగుదారిలో క్లారా, మొదటిది తప్పయితే రెండోది ఎట్లా ఒప్పయింది సార్, అది ఏ రాగం, అని అడిగింది. ఏ రాగమో నేనూ గమనించలేదు. సంగీతం వినడానికే ఉందని సర్వీసంతా పాఠం చెప్పినవాణ్ణి నేను. ఎవరూ వినకపోయినా తన పని తాను పూర్తిచేసే సంగీతం ఒకటుందని ఆరోజు తెలుసుకున్నాను. దాన్ని రాగంతో కొలవలేము. "ఈ పిల్ల" తర్వాత ఆ మేనమామ ఏమన్నాడో సుజాతకు ఇప్పటికీ తెలియదు.