పెద్దమ్మ గది మీది నేరేడు కొమ్మ

మొన్న కె.ఆర్.పురంలో మనవరాలి ఇంటి ఎదుట, కరెంటు తీగలకు అడ్డమొచ్చిన చెట్టును మోటారు రంపంతో కోశారు. నా కాఫీ చల్లారేలోపల చెట్టు లేదు. పచ్చి చెక్క వాసన మాత్రం వరండాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. ఆ వాసనకు కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి పేటలో మా పాత ఇంటి పెరట్లో ఉన్నాను, పంతొమ్మిది వందల నలభైల మొదట్లో, యుద్ధం రోజుల్లో.

మాది బట్టల అంగడి. ముందు అంగడి, నడుమ ఇల్లు, వెనక పెరడు, పెరటి చివర పెంకుల గది, దాని మీద గొడుగు పట్టినట్టు ఒక నేరేడు చెట్టు. ఆ గదిలో మా పెద్దమ్మ ఉండేది. పెదనాన్న పోయిన ఏడు అందులోకి వెళ్ళిన మనిషి, మళ్ళీ ఇంకోచోట పడుకున్న రాత్రి లేదు. చెట్టు నీడకు గదిలో మిట్టమధ్యాహ్నం కూడా సందెవేళలా ఉండేది. పండ్లు రాలి పెంకుల మీద టపటపమంటే, "ఎవురో తలుపు కొడతాండారు, చూడప్పా" అని నవ్వేది. ఆరేసిన గుడ్డల మీద పడ్డ ఊదా మరకలను కొత్త రకం అచ్చు అని చెప్పి అమ్మిన ఘనత నాది.

ఆ ఏడు ముంగారులో, తొలకరి గాలివానకు పెద్ద కొమ్మ మొదట్లో చీలింది. సరిగ్గా గది మీదికి వాలి, గాలి తగిలినప్పుడల్లా మూలిగేది. ఇంకో వాన వస్తే కొమ్మా, కప్పూ, పెద్దమ్మా ఒక్కచోటే ఉంటారు. బయటికి రమ్మంటే ఆవిడ మంచం కోడు పట్టుకుంది. "నేను లేస్తే సాయంత్రానికి ఈడ బట్టల బేళ్ళుంటాయి. మీ సంగతి నాకు తెల్దా?" అంది. గట్టిగా కాదనలేకపోయాను. సరుకు దొరికినప్పుడే దాచుకునే కాలం. ఆ గది పొడవూ వెడల్పూ నా మనసులో ఎప్పుడో పడి ఉన్నాయి.

చెట్టంతా తీయించేద్దామని కబురు పెడితే, వర్తూరు వైపు నుంచి చెట్లు కొట్టే ఆయన వచ్చాడు. చెట్టు చుట్టూ తిరిగి, బెరడు మీద అరచెయ్యి పెట్టి, "నేరేడుతో శానా కష్టం సావుకారూ. చూసేకి గట్టిగుంటాది, కాలు పెడితే చెప్పకుండా విరుగుతాది. కింద పడేసేకి జాగా లేదు. ముక్కలు ముక్కలుగా మోకుతో దించల్ల. నలుగురు కావల్ల" అన్నాడు. నలుగురు అనగానే నాలోని అంగడివాడు లేచి కూర్చున్నాడు. కట్టెల కరువు రోజులు కదా, కొమ్మలు ఆయనకు, మాను మాకు అని మొదలుపెట్టి, పొద్దెక్కేదాకా బేరమాడి, మనుషులను ముగ్గురికి దించాను. ఆయన తల గోక్కుని, "సరే, నాలుగో మనిషి మీరే. మోకు కొస మీరు పట్టుకోండి" అన్నాడు. గెలిచాననుకున్నాను.

ఆయన నడుముకు తాడు కట్టుకుని ఎక్కాడు. మోకును పైన గట్టి కొమ్మ చంకలోంచి తీసి చీలిన కొమ్మకు ముడేశాడు. రెండో కొసను కింద రాతి కంబానికి రెండు చుట్లు చుట్టించి నా చేతికిప్పించాడు. తక్కిన ఇద్దరూ కొమ్మను పెరటి వైపు లాగడానికి పక్కతాళ్ళు పట్టుకున్నారు. రంపం ఆడింది. ఆకుల సందుల్లోంచి ఎండా, రంపపు పొట్టూ కలిసి రాలుతుంటే ఏది ఏదో తెలియలేదు. ఆకుల్లోని ఎర్రచీమలు మోకు వెంబడి దిగి నా మెడలోకి దూరాయి.

ఫెళ్ళుమంది. కొమ్మ తెగి, జానెడు జారి, గాలిలో నిలిచింది. దాని బరువంతా నా చేతుల్లోకొచ్చింది. మల్లుగుడ్డ చించడం తప్ప ఏమీ ఎరగని చేతులు.

"వదలద్దు సావుకారూ! కొంచెం కొంచెం ఇయ్యండి!"

"చీమలప్పా!"

"చీమలకు ఎవురూ చావరు. లోపల అవ్వ ఉండాది!"

గదిలోంచి పెద్దమ్మ, "ఏమప్పా, వానొచ్చిందా?" అంది. పళ్ళు బిగబట్టి మోకును జానా జానా వదిలాను. ఆకులతో, పండ్లతో, ఒక ఖాళీ కాకి గూడుతో ఆ కొమ్మ గది మీదుగా, నిద్రలో కనబడే పడవలా తేలుతూ జరిగి పెరట్లో దిగింది. ఒక్క పెంకు కదల్లేదు.

ఆయన దిగొచ్చి, తోలు లేచిన నా చేతులు చూసి నవ్వాడు. "కూలోడయితే చీమ కుడితే వదుల్తాడు. లోపల తనోళ్ళుంటే వదల్డు. ఎప్పుడూ మోకు ఇంటోళ్ళకే ఇస్తాను."

"మరి నలుగురు కావాలన్నావే?"

"మీరు ఒకణ్ణి తగ్గిస్తారని తెల్సు కదా!"

అంతటి బేరగాణ్ణి మా వీధిలోనే చూడలేదు.

మిగతా చెట్టంతా కూడా దిగిన మరునాడు పొద్దున పెద్దమ్మకు పాలు తీసుకెళ్ళాను. గదినిండా ఎన్నడూ లేని ఎండ. ఆవిడ మంచం మీద కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచి, తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఆ ముడతలూ మచ్చలూ నేనూ అప్పుడే చూశాను.

"ఇవి ఎప్పుడిట్లయినాయప్పా?" అని అడిగింది, ఎవరివో చేతుల గురించి అడిగినట్టు.

పాలగ్లాసు ఆ చేతుల్లోనే పెట్టాను. కాలం ఏళ్ళ తరబడి మన మంచం పక్కనే కూర్చుని ఉంటుంది. ఎండ పడేదాకా దాని ముఖం మనకు కనబడదు.