పైడమ్మ వంతు సీసా

ఖుర్సీపార్ బస్తీలో మా పక్కింటి పైడమ్మ మొగుడి మందు సీసాలు దొరికితే మురిక్కాలవలో ఒంపేసే మనిషి. తొంభై ఆరులో ఇద్దరూ మస్కట్‌లో పైడమ్మ తమ్ముడింటికి వెళ్లి తిరిగొచ్చేటప్పుడు మొగుడు గోపాలం బతిమాలాడు.

"మనిషికో సీసాకి పన్నుండదే. నీ వంతు కూడా తెచ్చుకుందాం."

ఆవిడ తన వంతు సీసా సంచిలో పెట్టుకుంది. బొంబాయిలో కస్టమ్స్ ఆఫీసరు అడిగితే "మేరా హై భయ్యా" అంది.

గోపాలం తన సీసా వారంలో ఖాళీ చేసి రెండోదానికి చెయ్యి చాపాడు. పైడమ్మ బీరువా తాళం బొడ్లో దోపుకుంది.

"ఆఫీసరు ముందు నాదన్నాక నీకేటి? గిన్నెలు తోము, రోజుకో మూత పోస్తాను."

ఏడాదైనా ఆ సీసా తరగలేదు. అందులో ఉన్నది టీ డికాషనని వీధిలో అందరికీ తెలుసు, గిన్నెలు తోమే గోపాలానికి తప్ప.