అరవై మూడు అడుగులు

ముందుగా పోయినవి చెప్తాను. మిర్యాలగూడలో పద్దెనిమిది అడుగులు, కోదాడలో ఇరవై ఒకటి, సూర్యాపేటలో ఇరవై నాలుగు. మొత్తం అరవై మూడు అడుగుల ఫిల్ము. తెర మీద నిమిషానికి తొంభై అడుగులు నడుస్తుంది కాబట్టి, నలభై రెండు సెకన్ల సినిమా. అంతకు ఎనిమిది నెలల ముందు మా ఇంట్లో ఒక మాట కూడా పోయింది. దాని పొడవెంతో తెలియదు కనుక కూడికలో వేయలేదు.

2003లో నేను సినిమా బాక్సు వెంట తిరిగే రెప్రజెంటేటివ్‌ని. ప్రింటు ఉన్న పెట్టె ఏ ఊరికి పోతే ఆ ఊరికి పోవాలి. ఆటకు ఎన్ని టికెట్లు తెగాయో లెక్క చూసి రాసి పంపాలి. చదివింది ఏడో తరగతి. అడుగుల్ని నిమిషాలుగా మార్చడం ప్రొజెక్టర్ గదిలో నిలబడి నాకు నేనే నేర్చుకున్నాను.

అప్పటికి పెళ్లయి మూడేళ్లు. సూర్యాపేటలో కిరాయి గది. ఒక సాయంత్రం కాగితాలు పరుచుకుని కూడుతున్నాను. నా భార్య గడప దగ్గర నిలబడి ఏదో చెప్తోంది. తలెత్తకుండానే వేలు చూపించి "ఒక్క నిమిషం" అన్నాను. కూడిక సరిపోయింది. తలెత్తితే గడప ఖాళీగా ఉంది. పెన్‌పహాడ్‌లో తల్లిగారింటికి వెళ్లిపోయింది. పోయే ముందు ఏమన్నదో నేను వినలేదు. ఎనిమిది నెలలు అడగనూ లేదు. అడిగితే వినలేదని ఒప్పుకున్నట్టే కదా.

అలాంటి రోజుల్లో నా వంతుకు వచ్చిన సినిమా అది. ప్రేమించిన అమ్మాయి వదిలేసి పోతుంది. అతను ఊళ్లు పట్టుకు తిరుగుతూ, తప్పెక్కడ జరిగిందని తనను తానే అడుగుతుంటాడు. చివరికి ఒక బస్టాండులో ఆమె ఎదురవుతుందట. ఆఖరి రీలులో, సరిగ్గా అక్కడే, మిర్యాలగూడలో ఫిల్ము తెగింది. ఆపరేటర్ పాడైన ముక్క కోసేసి అతికించాడు. ఒకసారి తెగినచోటే మళ్లీ తెగుతుంది. కోదాడలో ఫిల్ము సిమెంటు అనే జిగురు పూసి అతుకు వేస్తూ అక్కడి ఆపరేటర్ నవ్వాడు.

"మేమూ సిమెంటుతోనే అతికిస్తామండీ రెప్ గారూ. కాకపోతే ఇది మా మేళ్లచెరువు ఫ్యాక్టరీ సిమెంటు కాదు, ఎంత పూసినా నిలవదు."

మూడో వారం సూర్యాపేట. గురువారం ఆఖరి రోజు. బుధవారం నాడు పెన్‌పహాడ్‌లో వాళ్ల పక్కింటికి ఫోన్ చేసి ఆమెను పిలిపించాను.

"రేపు మ్యాట్నీకి రా. మంచి సినిమా."

"నీ సినిమా నాకెందుకు? నువ్వు టికెట్లు లెక్కపెట్టుకుంట కూసుంటవు, నేనొక్కదాన్నే సూడాల్నా?"

"రేపు లెక్కపెట్ట. నీ పక్కనే కూసుంట."

వచ్చింది. ఆ రోజు మ్యాట్నీకి తెగిన చివరి రెండు టికెట్లు మావే. పొద్దున ఆటలో మళ్లీ తెగి ఇరవై నాలుగు అడుగులు పోయిన సంగతి నాకు తెలుసు. కానీ అందులో ఏముందో తెలియదు.

బస్టాండు సీను వచ్చింది. అతను "ఇప్పుడు చెప్పు. నాతో వస్తావా?" అన్నాడు. ఆమె పెదవి విప్పింది. తెర ఒక్కసారి గెంతింది. బస్సు కదులుతోంది. అతను నవ్వుతున్నాడు. ఆమె బస్సులో ఉందో లేదో తెలియదు.

వెనక నుంచి ఎవరో అరిచారు. "ఓ ఆపరేటరూ! పిల్లను యాడ దాసినవ్‌రా?"

అందరూ నవ్వారు. నా భార్య నవ్వలేదు.

"ఏమన్నది?" అని అడిగింది.

"తెల్వదు."

"ఇప్పటికి ఎన్ని ఆటలు ఆడింది?"

"ఎనభై ఒకటి. ఇది ఎనభై రెండోది."

"ఎనభై ఒక్కసారి ఆడినా నీకు తెల్వదా?"

"ఇంటర్వెల్ అయినంక నేను ఆఫీసు రూముల ఉంట. లెక్క రాయాలె గద. లెక్క లెక్కే."

నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బస్టాండుకు నడిచాం. పెన్‌పహాడ్ బస్సు నిలబడి ఉంది. ఆమె ఎక్కబోతుంటే అడిగాను.

"ఆ రోజు గడప కాడ ఏమన్నవ్? నేను ఇనలే."

మెట్టు మీద కాలు అలాగే ఆగింది.

"ఇనలేదని నాకెర్క. ఒప్పుకుంటవా లేదా అనే సూస్తున్న, ఎనిమిది నెలల సంది."

"తప్పే. ఇప్పుడు చెప్పు."

"గట్లెట్ల చెప్త? గా సినిమాల పిల్ల ఏమన్నదో నువ్వు తెలుసుకొని రా. అప్పుడు నేను గూడ చెప్త."

బస్సు కదిలింది. ఆమె కిటికీలో ఉంది. అది మాత్రం నేను చూశాను.

పదకొండో రోజు పొద్దున తలుపు తీస్తే సంచీతో నిలబడి ఉంది. "దొరికిందా?" అంది. లేదన్నాను. "సరే, దొరికినప్పుడే చెప్త. జరుగు, పొయ్యి ముట్టియ్యాలె" అని లోపలికి వెళ్లింది.

నేను వెతకకపోలేదు. ముగ్గురు ఆపరేటర్లనూ అడిగాను. మిర్యాలగూడ ఆయన "వస్త అంటది" అన్నాడు. సూర్యాపేట ఆయన "రాను అని చేయి ఊపుతది" అన్నాడు. కోదాడ ఆయన "ఏమీ అనదండీ, వెనకాల వయొలిన్ వస్తది, అంతే" అన్నాడు. ఆ సినిమా సరిగా ఆడలేదు. టీవీలోనూ నా కంట పడలేదు. కొన్నేళ్లకు థియేటర్లలోకి కంప్యూటర్ వచ్చింది, పెట్టెలు ఆగిపోయాయి, నా పనీ ఆగిపోయింది. ఆ ప్రింటు ఏ పాత సామాన్ల కొట్టులో తేలిందో.

ఇప్పుడు ఒక కాటా దగ్గర లారీల బరువు రాస్తాను. ఇంట్లో ఆమె మాట్లాడటం మొదలుపెడితే పెన్ను మూత పెట్టేస్తాను. కూడిక సగంలో పోతుంది. పోనీ, మళ్లీ మొదటి నుంచి కూడుకోవచ్చు.

అప్పుడప్పుడూ బువ్వ పెడుతూ అడుగుతుంది. "ఏమయ్యా, ఆ పిల్ల ఏమన్నదో తెలిసిందా?" అంతా అయిపోయిన సంగతి, ఇప్పుడైనా నీ మాట చెప్పరాదా అంటాను. "లెక్క లెక్కే" అంటుంది, నా మాటే నాకు అప్పగించి.

నేను ఆమెకు ఇవ్వాల్సింది ఇంకా అంతే ఉంది: నలభై రెండు సెకన్లు.